నాలుగడుగుల తేనెమైనం గది: ఎంత మైనం, ఎలా పూయాలి?

ప్రశ్న (వంశధార_ఒడ్డు, గుణుపురం):
జనవరిలో ఇక్కడి పాత బియ్యం గోదాములో చిన్న ప్రదర్శన పెడుతున్నాం. జర్మన్ కళాకారుడు వోల్ఫ్‌గాంగ్ లైబ్ 2013లో వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్ అనే కళా మ్యూజియంలో చేసిన మైనం గది లాంటిది చేయాలని ఉంది. ఆయన సుమారు 200 కిలోల తేనెమైనం గోడలకూ పైకప్పుకూ పూసి, లోపల ఒక్క బల్బు వేలాడదీశారు. మాది 4 అడుగుల వెడల్పు, 4 లోతు, 8 ఎత్తు. మట్టిగోడ మీదే పూయవచ్చా? నేల మీద వరి కుప్పలు, పసుపు కూడా పెడదామనుకుంటున్నాం.

జవాబు (మైనపు_అచ్చు, రాయగడ):
మట్టిగోడ మీద వద్దండి. లోపలి చెమ్మ మైనాన్ని పట్టనివ్వదు, పెచ్చులుగా ఊడుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ని రెండడుగుల చదరాలుగా కోయించండి. గుమ్మం వైపు వదిలేసి మూడు గోడలకు 24, పైకప్పుకు 4, అంటే 8×4 అడుగుల షీట్లు నాలుగు సరిపోతాయి. 3 మిల్లీమీటర్ల మందానికి చదరానికి కిలో పైన పడుతుంది. మొత్తం 30 కిలోలు, తరుగుతో కలిపి 33 తెచ్చుకోండి.

మైనం కొండల్లో తేనె తీసేవాళ్ల దగ్గరే కొనండి. డోక్రా (మైనపు అచ్చుతో చేసే లోహపు బొమ్మల) పోతపనివాళ్ల మైనంలో గుగ్గిలం కలిసి ఉంటుంది, వాసన మారిపోతుంది. ముక్కని అరచేతిలో పిసికి చూడండి. అసలుదైతే మెత్తబడి సాగుతుంది. పారాఫిన్ (పెట్రోలియం నుంచి తీసే మైనం) కలిస్తే జారుడుగా ఉండి పొడిపొడిగా విరుగుతుంది.

కరిగించడం స్టీలు గిన్నెలోనే, దాన్ని నీళ్ల గిన్నెలో పెట్టి. ఇనుము, రాగి గిన్నెలైతే మైనం నల్లబడుతుంది. 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 75 దాటనివ్వకండి. ఎక్కువ కాగితే రంగు ముదురుతుంది, తేనె వాసన పోతుంది. మీకు కావలసిందే ఆ వాసన కదా. పాత నూలు చీర ముక్కలో వడకట్టండి. పక్కన మూత, ఇసుక ఉంచుకోండి. మైనం అంటుకుంటే నీళ్లు మాత్రం పోయకూడదు.

చల్లటి చెక్క మీద పూస్తే పైపైనే గడ్డకట్టి తర్వాత ఊడుతుంది, కాబట్టి చెక్కని ముందు అరగంట ఎండలో పెట్టండి. ఒకేసారి మందంగా పోస్తే చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లు వస్తాయి. వెడల్పాటి కుంచెతో మిల్లీమీటరు చొప్పున మూడు పూతలు వేయండి. కింది పూత గట్టిపడాలి గానీ వెచ్చదనం పోకూడదు. బిగించాక అతుకుల్లోనూ స్క్రూల తలల మీదా వేడి మైనం నింపి, వేడిచేసిన తాపీతో ఒక్కసారి లాగండి.

జవాబు (పర్లాకిమిడి_బొమ్మ):
పసుపు, వరి రెండూ తీసేయండి. పసుపు ఘాటు ముందు మైనం వాసన నిలవదు, రంగు కూడా చూపుని అటే లాగేస్తుంది. లైబ్ 2013లోనే న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళా మ్యూజియంలో హేజెల్‌నట్ పుప్పొడిని సుమారు 18 అడుగులకు 21 అడుగుల మేర పరిచారు. ఆ పసుపుదనం పక్కన ఇంకేమీ పెట్టలేదు. ఒక్క పదార్థమే ఉంటే మనిషి దాన్ని వాసనతో, వెలుగుతో, చర్మంతో వెతుక్కుంటాడు. రెండో వస్తువు వచ్చిందంటే చూసి పేర్లు చెప్పి వెళ్లిపోతాడు.

బల్బు 5 వాట్ల ఎల్‌ఈడీ, పసుపు కాంతిది. పాతరకం వేడి బల్బు కింద పైకప్పు మైనం కారుతుంది. ఫ్యాను వద్దు. గోదాములో ఎక్కడా అగరుబత్తీలు, ఫినాయిలు ఉండకూడదు. ఒక్కొక్కరినే పంపండి, మూడు నాలుగు నిమిషాలు చాలు. ఆ తర్వాత ముక్కు అలవాటుపడి వాసన తెలియదు. గుమ్మానికి మందపాటి నల్లగుడ్డ, చెప్పులు బయటే.

వంశధార_ఒడ్డు:
పసుపు మానేస్తాం. ప్రదర్శన మార్చి దాకా సాగితే?

జవాబు (మైనపు_అచ్చు, రాయగడ):
ఫిబ్రవరి చివరికి విప్పేయండి. 35 డిగ్రీలు దాటాక మైనం మెత్తబడి దుమ్ము పట్టేస్తుంది, పైకప్పు చదరాలు ముందు జారతాయి. జనవరి చలికి పైన తెల్లటి పొడిలా పూస్తే భయపడకండి, అది బూజు కాదు. గోరువెచ్చటి గుడ్డతో తుడిస్తే పోతుంది. విప్పాక గీకి, కరిగించి, దిమ్మలుగా పోసి పెట్టుకుంటే మళ్లీ వాడుకోవచ్చు.