అప్‌డేట్: ఓడ ముక్కు దగ్గర బద్దలు ఇక విరగడం లేదు

కిట్‌తో కడుతున్న చెక్క తెరచాప ఓడ నమూనాకు మొదటి వరుస బద్దలు (పైపొరగా అంటించే సన్నని చెక్క పట్టీలు) అంటిస్తుంటే, ముక్కు వంపు దగ్గర కొన్ని విరుగుతున్నాయనీ, అంటినవి కూడా పైకి లేస్తున్నాయనీ ఇంతకుముందు అడిగాను. తప్పు చెక్కది కాదు, నాదే. ముందువైపు అడ్డచట్రాల (ఓడకు ఆకారమిచ్చే అడ్డపలకల) అంచులను ఏటవాలుగా అరగదీయకపోవడంతో, బద్ద ఆ అంచు వెడల్పంతా ఆనకుండా ఒక్క మూల మీదే నిలుస్తోంది. జిగురు పట్టడానికి చోటే లేదు. విరిగిన నాలుగింటినీ ఊడదీసి, ఒక బద్దను చట్రాల మీదుగా వంచి చూసుకుంటూ, అది ప్రతి చట్రాన్నీ సందు లేకుండా తాకేవరకు గరుకు కాగితంతో ఓపిగ్గా రుద్దాను.

తరువాత 1.5 మి.మీ. మందం బద్దలను అరగంట గోరువెచ్చని నీటిలో నానబెట్టి, వంపులో పిన్నులతో బిగించి, పూర్తిగా ఆరాకే అంటించాను. తడిగా అంటిస్తే ఆరేటప్పుడు చెక్క కుంచించుకుని సందులు పడతాయి. మీరు చెప్పినట్లే, వెన్నుపలక (ఓడ అడుగున పొడవునా ఉండే మధ్యపలక) మెలితిరగకుండా ఎడమకొకటి, కుడికొకటి చొప్పున మార్చి మార్చి అతికించాను. ముక్కువైపు ఇమిడేలా బద్దలను సన్నగా కోసినా, వెడల్పును సగానికి మించి తగ్గించలేదు.

వెనుకభాగంలో సూదిమొన లాంటి సందులు రెండు మిగిలాయి. వాటికి సరిపడే ముక్కలు కోస్తున్నాను. మొదటిది పొట్టిగా తెగి చెత్తబుట్టకు చేరింది.