మ్యూనిక్‌లో ఉన్నాను, శాండర్సన్ కొత్త పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

ఆఫీసు పని మీద హైదరాబాద్ నుంచి మ్యూనిక్ వచ్చాను. పదకొండు రోజులుంటాను. బ్రాండన్ శాండర్సన్ ఫాంటసీ నవలల వరుస స్టార్మ్‌లైట్‌లో ఐదోది, ‘విండ్ అండ్ ట్రూత్’, మొన్న శుక్రవారం, 2024 డిసెంబర్ 6న వచ్చేసింది. నాలుగోది 2020లో వచ్చింది, అప్పట్నుంచీ ఎదురుచూపులే. ఇవాళ ఆదివారం కదా, తీరిగ్గా కొనుక్కుందామని ఊరి నడిబొడ్డున ఉన్న మరియెన్‌ప్లాట్జ్ చౌక్‌కి వెళ్ళాను. క్రిస్మస్ సంతలో కాలు పెట్టే సందు లేదు, షాపులు మాత్రం అన్నీ మూసేశారు. పుస్తకాల షాపు అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశాను. లోపల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

కథంతా పది రోజుల్లో జరుగుతుందట, ఒక్కో రోజు ఒక్కో భాగం. నేనూ రోజుకో భాగం చదివి ఇంటికెళ్ళాలని ఆశ. ఫోన్లో చదవడం నావల్ల కాదు. ఇంగ్లిష్‌ది ఎక్కడ దొరుకుతుంది? నా దగ్గరున్న వాటికి జత కుదురుతుందా?

జవాబు 1:
ఇక్కడ ఆదివారం షాపులు తెరవకూడదని చట్టమేనండీ. రైల్వే స్టేషన్లలో ఉన్నవాటికి మినహాయింపు ఉంది గానీ, ఇంత లావు ఇంగ్లిష్ పుస్తకం అక్కడ దొరకడం కష్టం. రేపు ఆఫీసు కాగానే మరియెన్‌ప్లాట్జ్‌లోనే హూగెన్‌డూబెల్ అనే పుస్తకాల షాపుకి వెళ్ళండి. యూ3, యూ6 మెట్రో రైళ్ళు రెండూ అక్కడ ఆగుతాయి. రాత్రి 8కి మూసేస్తారు. ఫాంటసీ అరల్లో వెతక్కండి, ఎక్కువగా జర్మన్ అనువాదాలే ఉంటాయి. ఇంగ్లిష్ పుస్తకాలు ఎక్కడని అడగండి. లేకపోతే కౌంటర్లో ఆర్డర్ ఇవ్వండి, చాలాసార్లు మర్నాటికే తెప్పిస్తారు. జర్మన్ పుస్తకాలకి దేశమంతా ఒకటే ధర, ఇంగ్లిష్ వాటికి ఆ నియమం లేదు. కాబట్టి ఇంకో షాపులో కూడా అడిగి చూడండి.

జవాబు 2:
జత సంగతి: యూరప్‌లో మామూలుగా దొరికేది గొలాంజ్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళ బ్రిటన్ ముద్రణ, మనకి ఇండియాలో వచ్చేదీ అదే. కాకపోతే మీ దగ్గరున్నవి పేపర్‌బ్యాకులైతే ఒక్కో కథ రెండు భాగాలుగా ఉండి ఉంటుంది. ఇది హార్డ్‌బౌండ్, ఒకటే పుస్తకం, అరలో ఎత్తు కలవదు. అయినా కొనేయండి అన్నా, పేపర్‌బ్యాక్ కోసం ఆగొద్దు.

అడిగినవారు:
దొరికింది! సోమవారం ఏడున్నరకి వెళ్ళాను, ఇంగ్లిష్ విభాగంలో రెండే ఉన్నాయి. ఇద్దరికీ చాలా థాంక్సండీ. 1,300 పేజీల పైనే, ఒంటిచేత్తో పట్టుకుంటే మణికట్టు లాగేస్తోంది. హోటల్ దిండు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఆనించి చదువుతున్నా. అట్ట నలగకుండా పై కాగితం తీసి పెట్టెలో బట్టల మధ్య దాచాను. కథలో మొదటి రోజు భాగం రాత్రి రెండింటికి పూర్తయింది. కథ గురించి మాత్రం ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పకండి, ఇంకా తొమ్మిది రోజులుంది.