బ్రెన్‌హామ్ ఐస్‌క్రీం డెయిరీకి నాన్నని తీసుకెళ్లొచ్చా?

తెనాలి పిల్ల:
అమ్మానాన్న హ్యూస్టన్ వచ్చి నెలైంది. గుడి, మాలు, నాసా అన్నీ చూపించేశా. నాన్నకి ఏదీ ఎక్కలేదు. ఆయన మా ఊరి పాల కేంద్రంలో 30 ఏళ్లు ఫ్యాటు చూశారు. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల యాసిడ్, దానిమీద పాలు, ఆపైన కాస్త ఆల్కహాలు, బిరడా బిగించి గిర్రున తిప్పడం. చొక్కాలన్నిటికీ యాసిడ్ చిల్లులే. మొన్న కొట్లో బ్లూ బెల్ ఐస్‌క్రీం డబ్బా తీసుకుని, దానిమీద ఆవుని తోలుకెళ్తున్న పిల్ల బొమ్మ చూసి, "ఈ డెయిరీ ఏ ఊళ్లో ఉందే?" అన్నారు. బ్రెన్‌హామ్ 290 హైవే మీద గంటంబావే కదా. చూడ్డానికి ఏముంటుంది? ఒట్టి ఐస్‌క్రీం కోసమైతే వద్దు. ఆయనకి షుగరు, అమ్మ నన్ను చంపేస్తుంది.

కేటీ బాబాయ్:
తీసుకెళ్లమ్మా. అసలు అది ఐస్‌క్రీం కోసం పెట్టిందే కాదు. 1907లో చుట్టుపక్కల రైతుల దగ్గర మిగిలిన మీగడ కొని వెన్న తీయడానికి పెట్టారు. అప్పటి పేరు బ్రెన్‌హామ్ క్రీమరీ కంపెనీ. ఐస్‌క్రీం 1911లో మొదలైంది, అదీ రోజుకి 2 గ్యాలన్లు, మన లెక్కలో ఏడున్నర లీటర్లు. చెక్క తొట్టిలో ఐసు పోసి, మధ్యలో డబ్బా పెట్టి చేసేవాళ్లు. గుర్రబ్బండి మీద ఇళ్లకి వేసేవాళ్లు. 1919లో ఇ.ఎఫ్. క్రూజ్ అనే 23 ఏళ్ల కుర్రాడు మేనేజరుగా వచ్చాడు. కంపెనీ అప్పుల్లో ఉందని మొదటి కొన్ని నెలలు జీతమే ముట్టుకోలేదు. 1930లో పేరు బ్లూ బెల్ అని మార్చిందీ అతని హయాంలోనే. వెన్న మాత్రం 1958లో ఆపేశారు. వెన్నతో పుట్టిన డెయిరీలో వెన్న లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వారం మధ్యలో వెళ్లండి. పైనుంచి అద్దాల్లోంచి డబ్బాలు నిండడం చూడొచ్చు. శనివారమైతే యంత్రాలకి సెలవు, పార్లరొక్కటే మిగులుతుంది.

ఉప్పుకారం:
ఏప్రిల్లో అందరూ ఆ దారిలో పిల్లల్ని బ్లూబానెట్ అనే నీలం పువ్వుల మధ్య కూర్చోబెట్టి ఫొటోలు తీసి, కంపెనీ పేరు ఆ పువ్వుదే అనుకుంటారు. కాదు. బ్లూబెల్ వేరు, అది ఎండాకాలం పువ్వు. 2015లో ఐస్‌క్రీంలో లిస్టీరియా అనే బ్యాక్టీరియా బయటపడి సరుకంతా వెనక్కి తెప్పించుకున్న సంగతీ చెప్పండి. డెయిరీ మనిషి, ఎలాగూ శుభ్రత గురించి అడుగుతారు.

తెనాలి పిల్ల:
గురువారం వెళ్లొచ్చాం. నాన్న అద్దానికి ముక్కు ఆనించి అరగంట నిలబడ్డారు. "ఫ్యాటెంత?" అన్నారు. ఐస్‌క్రీం అనాలంటే కనీసం 10 శాతం ఉండాలని ఇక్కడి రూలు అని చెప్పా. "మన దగ్గర గేదె పాలు ఏడు దాటితేనే రైతు మీసం మెలేసేవాడు" అని నవ్వారు. నెల రోజుల్లో అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

నా వెనిలా కప్పులోంచి రెండు చెంచాలు తిన్నారు, అమ్మ అటు తిరిగినప్పుడు. కారెక్కాక అమ్మ అంది: "రెండు కాదు, నాలుగు."