నిరూపణల పాఠానికి పులి-మేక, చింతగింజల ఆట పనికొస్తాయా?

గణితం టీచరు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి గణితం చెబుతున్నాను. నిరూపణల పాఠానికి వచ్చేసరికి పిల్లలు ప్రవచనం (నిజమో కాదో తేల్చగల వాక్యం), విపర్యయం (‘ఇదైతే అది’ని ‘అదైతే ఇది’గా తిరగేసిన వాక్యం), ప్రత్యుదాహరణ (ప్రవచనం తప్పని చూపే ఉదాహరణ) అన్న మాటలను కంఠస్థం చేసి అప్పజెబుతున్నారే గాని, ఒక ప్రవచనం నిజమైనంత మాత్రాన దాని విపర్యయం నిజం కానక్కరలేదన్న సంగతి వాళ్ల బుర్రకెక్కడం లేదు. అందుకని ఎత్తుగడల ఆటలు ఆడించాలని చూస్తున్నాను. చదరంగం బల్లలు అందరికీ సరిపడా లేవు, పీరియడు నలభై అయిదు నిమిషాలే. పైగా ఆట మొదలయ్యాక అంతా గెలుపోటముల గొడవే, ‘ఎందుకు గెలిచావు?’ అని అడిగితే ‘బాగా ఆడాను సార్’ అన్నదే జవాబు. ఏ ఆట ఎంచుకోవాలి, దాన్ని తర్కం వైపు ఎలా మళ్లించాలి?

సుద్దముక్క:
మాస్టారూ, ఒక్క పీరియడులో చివరిదాకా విశ్లేషించడానికి వీలయ్యే ఆట ఎంచుకోండి. ఇద్దరి మధ్య 21 చింతగింజలు పోయండి. వంతుకు ఒకటి గాని రెండు గాని మూడు గాని తీయాలి, ఆఖరి గింజ తీసినవారిది గెలుపు. అమెరికా గణితవేత్త చార్లెస్ బౌటన్ 1901లో పూర్తిగా విశ్లేషించి ‘నిమ్’ అని పేరు పెట్టిన ఆటకు ఇది దగ్గరి చుట్టం.

కాసేపు ఆడనిచ్చి ఆపండి. ‘నాలుగు గింజలు మిగిలి, వంతు నీదైతే ఏమవుతుంది?’ అని అడగండి. నేను ఒకటి తీస్తే వాడు మూడు తీస్తాడు, రెండు తీస్తే రెండు, మూడు తీస్తే ఒకటి. ఏం చేసినా ఓటమే అని పిల్లలే చెబుతారు. అన్ని సందర్భాలనూ పరిశీలించి చేసే నిరూపణ అంటే ఇదే, దానికి పేరు తరవాత పెట్టవచ్చు. అక్కడి నుంచి వెనక్కి వెళ్తే 8, 12, 16, 20 కూడా వంతు ఉన్నవాడు ఓడే సంఖ్యలేనని తేలుతుంది. కనుక మొదటి ఆటగాడు ఒకటి తీసి 20 మిగిల్చాలి. ఆ తరవాత ఆఖరి గింజ తీసినవారే ఓడినట్టని నియమం తిరగేయండి. పిల్లలు పాత కిటుకే వాడబోతారు; కాని ఇప్పుడు ఓడే సంఖ్యలు 1, 5, 9, 13, 17, 21 కనుక మొదట ఆడేవాడికే ఓటమి. ఎందుకో నోట్సులో పూర్తి వాక్యాల్లో రాయించండి.

సందేహి:
ఆడిస్తే చాలు, తర్కం అదే వస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. ఆర్మేనియా 2011లో చదరంగాన్ని బడుల్లో తప్పనిసరి పాఠ్యాంశం చేసినప్పటి నుంచి ఈ ఆశ బాగా ప్రచారమైంది. ఇంగ్లండులో మాత్రం వంద బడులను తీసుకుని, కొన్నింటిలో ఏడాదిపాటు చదరంగం నేర్పి, మిగతా వాటితో పోల్చి చూశారు. బోధనా పద్ధతుల ఫలితాలను పరీక్షించే ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ 2016లో వెలువరించిన ఆ మూల్యాంకనంలో, పాఠాలు ముగిసిన ఏడాదికి జరిగిన గణిత పరీక్షల్లో చదరంగం నేర్చిన పిల్లలు మిగతావారికంటే ముందున్నట్టు ఆధారం దొరకలేదు. కనుక పై జవాబులో నాకు నచ్చింది ఆటకంటే ఆ చివరి వాక్యం. రాయించకపోతే మిగిలేది కాలక్షేపమే.

పులిజూదం:
విపర్యయం కోసమైతే పులి-మేకను మించింది లేదు. మూడు పులులు, పదిహేను మేకలు. పటం సుద్దముక్కతో నేల మీదే గీయవచ్చు. ఆట మొత్తాన్నీ విశ్లేషించబోకండి, అది తెగదు. ఒకచోట ఆపి, ‘పులి మేకను చంపిందంటే ఆ మేక వెనుక చోటు ఖాళీగా ఉన్నట్టే’ అన్న వాక్యం బోర్డు మీద రాయండి. ఇది నిజం. ఇప్పుడు తిరగేసి, ‘మేక వెనుక చోటు ఖాళీగా ఉంటే పులి దాన్ని చంపగలదు’ అని రాసి, తప్పని చూపించమనండి. పులి పక్కనే లేని మేకనో, పక్కనే ఉన్నా ఆ ఖాళీ చోటు అదే గీత మీద లేని మేకనో ఎవరో ఒకరు చూపిస్తారు. అదే ప్రత్యుదాహరణ. ‘వెనుక చోటు నిండి ఉంటే పులి చంపలేదు’ అన్నది మొదటి వాక్యపు మరో రూపం. మేకల పక్షాన ఆడేవాళ్లు జంటలు కట్టేది దాన్ని నమ్ముకునే.

గణితం టీచరు:
ధన్యవాదాలండీ. ఒక్క అనుమానం. గింజల ఆటలో చురుకైనవాడొకడు ‘నాలుగు గుణిజాలు మిగిల్చు’ అని అరిచేస్తే మిగతావాళ్ల ఆలోచన అక్కడితో ఆగిపోదా?

సుద్దముక్క:
ఆ బెంచీకి వేరే నియమం ఇవ్వండి: వంతుకు 1, 3, 4 గింజల్లో ఏదో ఒకటే తీయాలి, రెండు తీయకూడదు, ఆఖరిది తీసినవారే గెలిచినట్టు. అప్పుడు వంతు ఉన్నవాడు ఓడే సంఖ్యలు 2, 7, 9, 14, 16, 21. ఏ ఒక్క సంఖ్య గుణిజాలూ కావు కనుక అరిచిన కిటుకు ఇక్కడ చెల్లదు. ఒకటి నుంచి మొదలుపెట్టి పట్టిక వేసుకోవలసిందే. ఏడేసి తేడాతో క్రమం మళ్లీ వస్తోందని గమనించినవాడిని, ఎప్పటికీ అలాగే వస్తుందని ఎలా చెప్పగలవని అడగండి. ఆ ప్రశ్నతో వాడికి పీరియడు సరిపోతుంది.