మాల వేసుకుని అన్న మందు మానేశాడు, ఇప్పుడు ఒళ్లంతా వణుకు. ఆసుపత్రికి తీసుకుపోవాలా?

గుంతకల్లు చెల్లెలు:
మా అన్న బేల్దారి మేస్త్రి. ఏళ్ల తరబడి పొద్దున పనికి పోయే ముందే క్వార్టర్ పడాలి, రాత్రికి మళ్లీ. మొన్న సాయంత్రం అయ్యప్ప మాల వేసుకున్నాడు, అప్పటినుంచి చుక్క ముట్టలేదు. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. నిన్నటినుంచి టీ గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు, చెమటలు, నిద్ర లేదు. తెల్లవారుజామున గోడ మీద చీమలు పాకుతున్నాయని టవలుతో దులుపుతున్నాడు. అక్కడ ఒక్క చీమ కూడా లేదు. అమ్మ 'స్వామే చూసుకుంటాడు' అంటోంది. వీధిలో ఆర్‌ఎంపీ గ్లూకోజు ఎక్కిద్దామన్నాడు. పక్కింటాయన పసరు మందు తెస్తానన్నాడు. ఆసుపత్రిలో కట్టేస్తారని వదినకు భయం. ఎవరైనా చెప్పండి.

కర్నూలు, స్టాఫ్ నర్సు:
చెల్లెమ్మా, ముందు 108కి ఫోన్ చేసి తర్వాత మిగతాది చదువు. లేని చీమలు కనిపిస్తున్నాయంటే రేపటిదాకా ఆగే పని కాదు.

మానసిక చికిత్స వార్డులో చాలా ఏళ్లు డ్యూటీ చేశాను. మాలల కాలం వస్తే ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. భక్తి నిజం, పట్టుదల నిజం. కానీ మందు మెదడును నెమ్మది చేస్తుంది. రోజూ తాగేవాళ్ల మెదడు దాన్ని తట్టుకోవడానికి తన జోరు పెంచుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆగితే ఆ జోరుకు పగ్గం ఉండదు. చివరిసారి తాగిన ఆరేడు గంటలకే వణుకు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు, నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. లారీ డ్రైవరు ఒకాయన రాత్రంతా మంచం మీద కూర్చుని లేని స్టీరింగు తిప్పుతూ, గేర్లు మారుస్తూ, పక్కనున్న భార్యను క్లీనరనుకుని కేకలేశాడు. వైద్యం అందకపోతే ఆ దశలో ప్రాణం పోవచ్చు.

గ్లూకోజు సంగతి గట్టిగా చెబుతున్నా. తాగేవాళ్లలో బి1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు తేడా వస్తుంది, నడక తూలుతుంది, జ్ఞాపకం పోతుంది. అందుకే ఆసుపత్రిలో ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. షుగరు, పొటాషియం, లివరు పరీక్షలు చేస్తారు. చేతులు చాపించి వణుకు చూస్తారు, ఇవాళ ఏ వారమని అడుగుతారు. దాన్నిబట్టి క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్ర ఇచ్చి రోజురోజుకూ డోసు తగ్గిస్తారు. లివరు పాడైతే లోరాజెపామ్. మామూలుగా వారం పట్టొచ్చు. ఈ మాత్రలు మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు వేయొద్దు, తాగిన మందుతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. వదినకు ఈ మాట చెప్పు. దీక్షలో ఉన్నవాడు మాత్ర వేసుకుంటే తప్పేం లేదు, అమ్మకు నమ్మకం కుదరకపోతే గురుస్వామితో ఫోన్లో మాట్లాడించు. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో చూపించి, పంపమంటే అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్లండి. చివరిసారి ఎప్పుడు తాగాడో, గతంలో ఫిట్స్ వచ్చాయో లేదో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ప్రొద్దుటూరు నుంచి:
నర్సక్క చెప్పిందంతా నిజం. మా ఆయన్ను మొదట ఒక ప్రైవేటు సెంటర్లో చేర్చాం. రాత్రిళ్లు డాక్టరే లేడు, మమ్మల్ని చూడనివ్వలేదు. ఎక్కడ చేర్చినా ముందు ఈ రెండూ అడగండి. పసరు మందు జోలికి పోవద్దు, అందులో ఏం కలుపుతారో ఎవరికీ తెలీదు. కూరలో ఆయనకు తెలీకుండా డైసల్ఫిరామ్ మాత్ర కలపమని నాకూ సలహా ఇచ్చారు. ఆ మాత్ర పడ్డాక తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మనిషి ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సింది.

గుంతకల్లు చెల్లెలు:
అక్కలిద్దరికీ దండం. అనంతపురంలో చేర్చుకున్నారు. దారిలోనే ఫిట్స్ వచ్చింది. ఇప్పుడు మందుల మగతలో పడుకున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు. వారం తర్వాత మామూలు మనిషి అయిపోతాడా?

కర్నూలు, స్టాఫ్ నర్సు:
సమయానికి చేర్చావు తల్లీ. వణుకు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. తాగాలన్న ఆశ మాత్రం అంత త్వరగా పోదు. డిశ్చార్జి ముందే సైకియాట్రిస్టును నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ గురించి అడుగు. ఆశను తగ్గించే మందులవి, లివరు, కిడ్నీ చూసి ఏది సరిపోతుందో వాళ్లే చెబుతారు. కౌన్సెలింగు మానొద్దు. ఇంటి దగ్గర టెన్షన్ వస్తే మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్ 14416కి చేయండి, ఫోన్ చేయడానికి డబ్బులేం పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి. కూలి డబ్బులు శనివారం వైన్‌షాపు దగ్గర పంచుకునే అలవాటుంటే, కాంట్రాక్టరుతో మాట్లాడి వదిన ఖాతాలో వేయించమని అన్ననే అడగమను. నువ్వు అడిగితే చిన్నతనంగా అనుకుంటాడు. మళ్లీ ఒకసారి తాగినా ఇంట్లో తిట్టిపోయకండి, వెంటనే ఓపీకి తీసుకెళ్లండి. ఈ జబ్బులో అలా జరగడం మామూలే.