డిస్క్ గోల్ఫ్ పటర్ మెత్తది మంచిదా, గట్టిది మంచిదా?

అందరికీ నమస్తే. నేను అమెరికాలో షార్లెట్‌లో ఉంటాను. ఆఫీసు వాళ్లతో సరదాగా మొదలైన డిస్క్ గోల్ఫ్ (ఫ్రిస్బీలాంటి డిస్క్‌ని దూరంగా ఉన్న బాస్కెట్‌లోకి విసిరే ఆట) ఇప్పుడు శనివారం తెల్లారకముందే లేపేస్తోంది. (మా ఆవిడ దీన్ని ఇంకా పళ్లేలాట అనే అంటుంది.)

నా దగ్గరున్నది ఒక్కటే పటర్ (దగ్గర్నుంచి బాస్కెట్‌లో వేయడానికి వాడే డిస్క్): జడ్జ్ అనే మోడల్, క్లాసిక్ సాఫ్ట్ అనే మెత్తటి ప్లాస్టిక్, 174 గ్రాములు. రెండు చేతులతో వంచితే చపాతీలా వంగుతుంది. చలికాలంలో పట్టు బ్రహ్మాండం. ఎండాకాలంలో మాత్రం ఇంకా మెత్తబడి, చెమట చేతిలో ఒక్క క్షణం ఆగి వదులుతుంది, డిస్క్ కుడికి పోతుంది. ఫ్రెండు దగ్గర అదే జడ్జ్ గట్టి ప్లాస్టిక్‌లో ఉంది. చేతినుంచి శుభ్రంగా వదిలింది. కానీ 15 అడుగుల నుంచి వేస్తే బాస్కెట్ అంచుకి ఠంగుమని తగిలి, నిలువుగా దొర్లుకుంటూ వాగు దాకా పోయింది! మెత్తదైతే పడ్డచోటే ఆగేదేమో.

నాది స్పిన్ పటింగ్, అంటే మణికట్టుతో డిస్క్‌ని బాగా తిప్పి బాస్కెట్‌లోకి వేసే పద్ధతి. 10 మీటర్ల లోపలికి గట్టిదానికి మారిపోనా? లేక పటింగ్‌కి మెత్తది, టీ (మొదటి త్రో వేసే చోటు) నుంచి విసరడానికి గట్టిది, రెండూ ఉంచుకోనా? చేతులు బాగా చెమటపట్టేవాళ్లు ఏం వాడుతున్నారో కాస్త చెప్పండి.