టెక్సాస్‌లో ఒకే హైస్కూలున్న చిన్న స్కూల్ డిస్ట్రిక్టు: బోర్డు, పన్ను, రేటింగు గురించి మీ అనుభవాలు చెప్పండి

కొత్తిల్లు_డల్లాస్:
నమస్కారం. డల్లాస్‌కు ఉత్తరాన ఒకే ఒక్క హైస్కూలున్న చిన్న ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టులో (అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ పరిధిలో) ఇల్లు చూశాం. ఆగస్టులో మా పెద్దమ్మాయి ఆరో తరగతిలో, చిన్నవాడు కిండర్‌గార్టెన్‌లో అక్కడే చేరాలి. డిస్ట్రిక్టుకు రాష్ట్రం ఇచ్చిన ‘ఎ’ రేటింగు ఉంది కాబట్టి ఇంకేమీ ఆలోచించవద్దని ఏజెంటు అంటున్నారు. అయితే మొన్న ఆ బోర్డు సమావేశం వీడియో చూస్తే, బడ్జెట్ లోటు గురించీ ఒక ఎలిమెంటరీ స్కూలు మూసివేత గురించీ రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఆస్తి పన్ను బిల్లులో దాదాపు సగం బడికే పోతుంటే, డబ్బు ఎందుకు చాలడం లేదు? ‘ఎ’ను ఎంతవరకు నమ్మవచ్చు? బోర్డు దగ్గర తల్లిదండ్రుల మాట చెల్లుతుందా?

మూడుబళ్ళ_నాన్న:
ఎటు పోతోందో నేను చెబుతాను. రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌కు, అంటే రాష్ట్ర ప్రభుత్వానికి పోతోంది. మా డిస్ట్రిక్టు కూడా చిన్నదే, ఇళ్ళ ధరలు మాత్రం ఆకాశంలో ఉన్నాయి కనుక, మేము కట్టిన బడి పన్నులో కొంత భాగాన్ని ఏటా రాష్ట్రానికి తిరిగి కట్టాలి. చట్టంలో దాని పేరు రీకాప్చర్, జనం నోట్లో రాబిన్ హుడ్. ఒక పక్క ఆ చెక్కు పంపుతూనే మా బోర్డు నిరుడు లైబ్రేరియన్లను తీసేసింది. కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి వరకు గదికి 22 మందికి మించి పిల్లలు ఉండకూడదని చట్టం చెబుతున్నా, రాష్ట్రాన్ని మినహాయింపు అడిగి మా చిన్నవాడి మూడో తరగతి గదిలో 26 మందిని కూర్చోబెట్టారు. నా పిల్లవాడి గదికి రావలసిన డబ్బు ఇంకో ఊరికి పోవడం న్యాయమని నన్ను ఎవరూ ఒప్పించలేరు.

శాన్‌ఆంటోనియో_పంతులమ్మ:
‘మన డబ్బు ఇంకో ఊరికి పోతోంది’ అన్న మాట చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. పదకొండేళ్ళుగా శాన్ ఆంటోనియో పడమటి వైపు పాఠాలు చెబుతున్నాను. 1968 మే నెలలో ఇక్కడి ఎడ్జ్‌వుడ్ హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి రోడ్డెక్కింది పాడుబడిన గదులు, అర్హత లేని టీచర్లు తమకు వద్దని చెప్పడానికి. ఆ ఏడాదే డిమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి మరికొందరు తల్లిదండ్రులతో కలిసి బడుల నిధుల్లోని తేడాల మీద కోర్టుకెక్కారు. చదువు దేశ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంటూ 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఆ దావాను 5-4 తేడాతో కొట్టేసింది. 1984లో మళ్ళీ రాష్ట్ర కోర్టులో మొదలుపెట్టి, 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ ఏకమై ఇచ్చిన తీర్పును సాధించుకున్నారు. అత్యంత సంపన్న డిస్ట్రిక్టులో ఒక్కో విద్యార్థికి 1,40,00,000 డాలర్లకు పైగా పన్ను వేయదగ్గ ఆస్తి ఉంటే, అత్యంత పేద డిస్ట్రిక్టులో సుమారు 20,000 డాలర్లే ఉందని ఆ తీర్పులోనే రాశారు. అంటే 700 రెట్ల తేడా. ఆ పోరాటం వల్లనే 1993లో మీరు తిట్టుకుంటున్న రీకాప్చర్ చట్టం వచ్చింది. మీ ఇంటి ధర పెరగడం మీ పిల్లవాడి ప్రతిభా కాదు, మా పిల్లల ఇళ్ళ ధరలు పెరగకపోవడం వాళ్ళ తప్పూ కాదు.

మూడుబళ్ళ_నాన్న:
పంతులమ్మ గారూ, పేద పిల్లలకు ఇవ్వవద్దని నేను ఎక్కడన్నాను? రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ రీకాప్చర్ కట్టేది ఆస్టిన్ డిస్ట్రిక్టు. అక్కడి పిల్లల్లో పేద కుటుంబాలవారు తక్కువేమీ కాదు. ఆస్తుల విలువ చూసి డబ్బు లాక్కోవడం, బడిలో కూర్చున్న పిల్లల పేదరికాన్ని చూడటం ఒకటే ఎలా అవుతాయి? 2016 నవంబరులో హ్యూస్టన్ ఓటర్లు కట్టబోమని తేల్చి చెప్పింది కూడా అందుకే.

శాన్‌ఆంటోనియో_పంతులమ్మ:
అదే హ్యూస్టన్ ఓటర్లు 2017 మేలో కట్టడానికి ఒప్పుకున్నారు. సగం కథ చెప్పకండి.

పద్దుల_మనిషి:
నేను పద్నాలుగేళ్ళు ఒక డిస్ట్రిక్టు ఫైనాన్స్ ఆఫీసులో పనిచేశాను, ఈ లెక్కలు నా చేతుల మీదుగా నడిచాయి కాబట్టి ఇద్దరూ కాస్త ఆగండి. ఇల్లు కొనబోయే ఆయన అడిగినదానికి జవాబు రీకాప్చర్‌లో కంటే దాని వెనకున్న సూత్రంలో ఉంది. ఒక్కో విద్యార్థికి ఇంత అని రాష్ట్రమే ఒక మొత్తాన్ని నిర్ణయిస్తుంది. స్థానిక పన్నుతో ముందు ఆ మొత్తాన్ని నింపుతారు, తగ్గితే రాష్ట్రం వేస్తుంది, మిగిలితే రాష్ట్రం తీసుకుంటుంది. కాబట్టి మీ ఊరిలో ఇళ్ళ విలువ పెరిగితే మీ బిల్లు పెరుగుతుంది, రాష్ట్రం వేయవలసిన వాటా తరుగుతుంది, బడికి చేరేది మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఆ సూత్రానికి పునాది బేసిక్ అలాట్‌మెంట్, అంటే ఒక్కో విద్యార్థికి లెక్కగట్టే మూల మొత్తం. 2019లో దాన్ని 6,160 డాలర్లు చేశారు. ఆ తర్వాత కరెంటు, ఇన్సూరెన్స్, జీతాలు అన్నీ పెరిగినా 2025 వరకు ఒక్క డాలరు కదలలేదు. 2025లో పెంచింది 55 డాలర్లు. మీరు చూసిన వీడియోలో బడి మూసివేత గురించి రెండు గంటలు మాట్లాడటానికి అసలు కారణం ఇది. దీనికి తోడు ఇళ్ళ ధరలు భరించలేక చిన్న పిల్లలున్న కుటుంబాలు ఆ ఊరికి రావడం తగ్గితే, తలకింత అని వచ్చే డబ్బు ఇంకా తగ్గుతుంది.

చిన్న డిస్ట్రిక్టులకు ఒక మేలు కూడా జరిగింది. ఆ 2025 చట్టంలోనే, ఐదేళ్ళు లేదా అంతకంటే ఎక్కువ అనుభవమున్న టీచరుకు 5,000 మంది లేదా అంతకంటే తక్కువ విద్యార్థులున్న డిస్ట్రిక్టులో 8,000 డాలర్లు, అంతకంటే పెద్ద డిస్ట్రిక్టులో 5,000 డాలర్లు జీతం పెంపు ఇచ్చారు. మీరు చూస్తున్న డిస్ట్రిక్టు ఈ గీతకు ఏ వైపున ఉందో చూసుకోండి. గీతకు కాస్త పైన ఉంటే, అనుభవమున్న టీచర్లను పక్క డిస్ట్రిక్టు తీసుకుపోయే ప్రమాదం ఉంది.

మూడుబళ్ళ_నాన్న:
డబ్బు లేదంటారు, మా ఊళ్ళో మాత్రం స్టేడియానికి కొత్త స్కోర్‌బోర్డు పెట్టారు. లైబ్రేరియన్ జీతానికి లేని డబ్బు దానికి ఎక్కడి నుంచి వచ్చింది? ఆఫీసుల్లో కూర్చుని లెక్కలు చెప్పేవారికి మా కోపం అర్థం కాదు.

పద్దుల_మనిషి:
అయ్యా, మీ పన్ను బిల్లులో బడి రేటు రెండు ముక్కలుగా ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. ఒకటి జీతాలకూ రోజువారీ నడకకూ, రెండోది బాండ్ అప్పు తీర్చడానికి. ఓటర్లు ఆమోదించిన బాండ్ డబ్బుతో భవనాలు, బస్సులు, కంప్యూటర్లు కొనవచ్చు కానీ ఒక్క లైబ్రేరియన్‌కు కూడా జీతం ఇవ్వకూడదు. జీతాలకు మరింత కావాలంటే బోర్డు ఆ మొదటి రేటు పెంచుతూ, పరిమితి దాటితే ఓటర్ల అనుమతి అడగాలి. మీ ఊరు బాండ్‌కు అవునని, ఆ రేటు పెంపుకు కాదని ఓటు వేసి ఉంటే, స్కోర్‌బోర్డు వచ్చి లైబ్రేరియన్ పోవడంలో ఆశ్చర్యం ఏముంది? నా కోపం కూడా మీ కోపమే. అయితే అది చూపవలసిన చోటు వేరు.

ఫోర్ట్‌వర్త్_అమ్మ:
నా ప్రశ్న వేరు. మా బాబుకు ఆరేళ్ళు, మాటలు ఆలస్యం, ఒక్క చోట కూర్చోలేడు. మాది కూడా చిన్న డిస్ట్రిక్టే. ప్రత్యేక విద్య అవసరమేమో పరీక్షించండి అని సెప్టెంబరు నుంచి మూడుసార్లు అడిగాను. నిపుణురాలు ఒక్కరే ఉన్నారు, ఇంకొన్నాళ్ళు చూద్దాం అంటున్నారు. రేటింగు చూసే ఇల్లు కొన్నాం. ఇలాంటి పిల్లలకు చిన్న డిస్ట్రిక్టు మంచిదా, కాదా?

సంక్రాంతికి_ఊరు:
పద్దుల మనిషి గారు తలకింత అన్నారు, కానీ తల అంటే నమోదు కాదు, సగటు హాజరు. అది నాకు అనుభవంతో తెలిసింది. సంక్రాంతికి ఇద్దరు పిల్లలతో మూడు వారాలు రాజమండ్రి వెళ్ళి వస్తే బడి నుంచి గట్టి ఉత్తరం వచ్చింది. తొంభై శాతం హాజరు లేకపోతే తరగతి క్రెడిట్ కూడా చిక్కులో పడుతుంది. పిల్లలకు తాతగారిని, అమ్మమ్మను చూపించడం నేరమా?

పద్దుల_మనిషి:
నేరం కాదు. అయితే లెక్క వినండి. 6,215 డాలర్లను ఏడాదికి 175 బడి రోజులు అనుకుని భాగిస్తే రోజుకు 35 డాలర్లు దాటుతుంది. మీ ఇద్దరు పిల్లలు పదిహేను బడి రోజులు మానితే బడికి వెయ్యి డాలర్ల పైచిలుకు లోటు. జనవరి నెలలో మనవాళ్ళ కుటుంబాలు పాతిక ఒకేసారి ఊరికి వెళితే చిన్న డిస్ట్రిక్టు ఆ దెబ్బను తట్టుకోవడం కష్టం. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చీటీ తీసుకుని ఆ రోజే బడికి తిరిగి పంపండి, హాజరు కిందే లెక్కిస్తారు.

పదేళ్ళుగా_క్యూలో:
బోర్డు గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. బోర్డు సభ్యులు, అంటే ట్రస్టీలు, ఏడుగురు. జీతం లేదు. సూపరింటెండెంట్‌ను నియమించేది, పన్ను రేటు ఖరారు చేసేది, బడి మూసేది వాళ్ళే. వాళ్ళను ఎన్నుకునేది పౌరులు మాత్రమే. పదేళ్ళుగా గ్రీన్ కార్డు వరుసలో నిలబడి, ఒక్క ఏడాది కూడా తప్పకుండా ఆస్తి పన్ను కడుతున్న నాకు ఓటు లేదు. మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా చేశారు. 2009 విద్యా హక్కు చట్టం తర్వాత మన బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ కమిటీకి పన్ను వేసే అధికారం లేకపోయినా, బడిలో పిల్లవాడు ఉంటే చాలు, తల్లికి అందులో చోటు దొరికే దారి ఉంది. ఇక్కడ పన్ను వేసే అధికారం ఉన్న బోర్డులో నాకు గొంతే లేదు.

గడపగడపకూ_తిరిగినవాడు:
ఓటు లేదన్నది నిజం, గొంతు లేదన్నది మాత్రం నేను ఒప్పుకోను. మా ఎలిమెంటరీ స్కూలు మూసే ప్రతిపాదన వచ్చినప్పుడు నాకు కూడా ఓటు లేదు. సమావేశానికి ముందు గుమ్మం దగ్గర ఒక కార్డు నింపి ఇవ్వాలి, పేరు పిలిస్తే మైకు దగ్గరికి వెళ్ళాలి, మూడు నిమిషాలు. ఎదురుగా చిన్న దీపం పచ్చగా మొదలై, పసుపై, ఎర్రబడేలోపు ముగించాలి. ట్రస్టీలు తలాడిస్తారు తప్ప అజెండాలో లేని విషయం మీద చర్చ చేయకూడదు. మేము పద్దెనిమిది మందిమి వరుసగా మాట్లాడాం. ఒక్కొక్కరం ఒక్కొక్క అంకె పంచుకున్నాం, ఎవరూ ఇంకొకరి మాట తిరిగి చెప్పలేదు. బడి మూసివేత ఒక ఏడాది వాయిదా పడింది. మే నెలలో జరిగే ట్రస్టీ ఎన్నికలకు వచ్చే ఓటర్లు చాలా తక్కువ కాబట్టి, తర్వాత నాకు సిటిజన్‌షిప్ వచ్చాక మన పౌరుల ఇళ్ళకు గడపగడపకూ తిరిగితే ఫలితం కళ్ళారా చూశాను. మీ పక్కింట్లో పౌరులుంటే వాళ్ళను పోలింగుకు తీసుకువెళ్ళండి.

పదేళ్ళుగా_క్యూలో:
ఒక ఏడాది వాయిదా అన్నారు. ఆ తర్వాత?

గడపగడపకూ_తిరిగినవాడు:
మూశారు. అయితే పిల్లలను రెండు బడులకు విడదీయకుండా ఒకే బడికి పంపారు. అది మేము అడిగినదే.

శాన్‌ఆంటోనియో_పంతులమ్మ:
‘ఎ’ గురించి కూడా ఒక మాట. ఆ అక్షరంలో రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష మార్కులు, ఏడాదికేడాది ఎదుగుదల, వెనుకబడిన పిల్లల పురోగతి, హైస్కూలులో కాలేజీకి ఉద్యోగానికి సిద్ధపడటం కలిసి ఉంటాయి. చివరిదానికి ‘ఎ’ గీతను 2023లో 60 నుంచి 88కి పెంచితే డిస్ట్రిక్టులు కోర్టుకెక్కాయి. ఆ ఏడాది రేటింగులు బయటకు వచ్చింది 2025 ఏప్రిల్‌లో. కాబట్టి పాత ‘ఎ’ను కొత్త ‘ఎ’తో పోల్చవద్దు. ఇంకొకటి, మనవాళ్ళు ఎక్కువగా ఉన్న చోట లెక్కల మార్కుల్లో సాయంత్రం ట్యూషన్ల వాటా కూడా ఉంటుంది. ఒకే హైస్కూలు అంటే కోర్సుల ఎంపిక కూడా తక్కువే. మీ అమ్మాయికి పైతరగతి లెక్కలు అక్కడ ఎంతవరకు చెబుతారో కౌన్సెలరును అడిగాక ఇల్లు కొనండి.

ఫోర్ట్‌వర్త్_అమ్మ గారూ, మీ ప్రశ్నకు ఇంతసేపూ ఎవరమూ జవాబు చెప్పలేదు, క్షమించండి. మీరు మూడుసార్లు అడిగింది నోటితోనా, రాతపూర్వకంగానా?

ఫోర్ట్‌వర్త్_అమ్మ:
నోటితోనే. పిల్లవాడిని దింపేటప్పుడు టీచరుతో, ఒకసారి కౌన్సెలరుతో.

శాన్‌ఆంటోనియో_పంతులమ్మ:
అదే చిక్కు. ప్రత్యేక విద్య కోసం పూర్తి పరీక్ష చేయించమని ఈ రాత్రే ప్రిన్సిపాల్‌కు, డిస్ట్రిక్టు ప్రత్యేక విద్య విభాగానికి ఈమెయిల్ రాయండి. మీ ఉత్తరం అందిన 15 బడి రోజుల్లో వాళ్ళు అవునో కాదో రాసి ఇవ్వాలి, మీరు సంతకం పెట్టాక 45 బడి రోజుల్లో పరీక్ష నివేదిక పూర్తి చేయాలి. నిపుణురాలు ఒక్కరే ఉన్నారన్నది గడువు దాటడానికి కారణం కాదు. బయటి వారిని పిలిపించుకోవడం వాళ్ళ బాధ్యత. ఈ రాష్ట్రంలో 8.5 శాతం మంది పిల్లలకే ఆ సేవలు అన్నట్టుగా ఏళ్ళ తరబడి గీత గీశారు. అది చట్టవిరుద్ధమని 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. ఆ గీత పోయినా ‘ఇంకొన్నాళ్ళు చూద్దాం’ అన్న అలవాటు పోలేదు.

మూడుబళ్ళ_నాన్న:
అమ్మా, ఈమెయిల్‌లో తేదీ, బాబు పుట్టిన తేదీ, మీరు ఇదివరకు అడిగిన రోజులు తప్పకుండా రాయండి. మా పెద్దవాడికి ఇలాగే చేశాం. నమూనా కావాలంటే మా ఉత్తరం పంపుతాను.

ఫోర్ట్‌వర్త్_అమ్మ:
రాసి పంపాను, 9:40కి. పదిహేనో బడి రోజు ఎప్పుడవుతుందో క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను. మీ ఉత్తరం కూడా పంపండి అన్నయ్యా, బాబు గురించి బడివాళ్ళు సమావేశానికి పిలిచినప్పుడు పనికొస్తుంది.